చక్రాల కింద నిమ్మకాయ

పెళ్లయి రెండు నెలలైనా కాలేదు, ఊర్మిళకు అత్తవారింట్లో అప్పుడే ఒక రహస్యం దక్కింది. ఆ సంబరంతో ఆమెకు కాలు ఒకచోట నిలవడం లేదు. రహస్యం ఆడపడుచు సరోజినిది. దేవేంద్ర నగర్‌లో జరగబోయే ఆడపిల్లల రోలర్ స్కేటింగ్ పోటీలో సరోజిని ఆక్సెల్ వేయబోతోంది. ముందుకు దూసుకెళుతూ ఎగిరి, గాల్లో ఒకటిన్నర చుట్టు తిరిగి, వెనక్కి దిగాలి. సాధనలో దిగినసార్ల కంటే పడినసార్లే ఎక్కువ.

"అంత భయమైతే మానెయ్యరాదూ?" అంది ఊర్మిళ.

"మార్కులు రావు వదినా. చేసింది ఎంత కష్టమో దానికో మార్కు, ఎంత సొంపుగా చేశామో దానికో మార్కు. అన్నీ తేలికవే చేస్తే ఎంత నవ్వినా మొదటిది పెరగదు. మొదటి ముగ్గురినే పై పోటీకి భోపాల్ పంపిస్తారు."

"మరి పడితే?"

"కాస్త తగ్గిస్తారు, అంతే. కానీ అమ్మ ఊరుకోదుగా!"

అత్తగారు పైడమ్మ తీర్పు ఇల్లంతటికీ తెలిసిందే. "ఒలే, కాలనీ జనం ముందర ఒక్కపాలి పడ్డావంటే ఆ బూట్లు అటకెక్కించెస్తాను. బస్, ఖతమ్!"

పోటీ రోజు ఎండలో సిమెంటు నేల మెరిసిపోతోంది. ఊర్మిళ ఒక చేత్తో వేడి సమోసా, కొంగు చాటున ఇంకో చేత్తో మొగుడు సూరిబాబు వేలు పట్టుకుని మురిసిపోతోంది. పేరు పిలవగానే పైడమ్మ కూతురికి అడ్డం నిలబడి, సంచిలోంచి రెండు నిమ్మకాయలు తీసి స్కేట్ల ముందు పెట్టింది. మొన్న సూరిబాబు కొత్త స్కూటరుకూ ఇదే మర్యాద జరిగింది.

"అమ్మా, ఇది స్కూటరా?"

"చక్రాలున్నాయా, లేవా? తొక్కు!"

నిమ్మకాయలు చితికాయి. ఊర్మిళ కొంగులో మొహం దాచుకుని నవ్వింది.

పాట మొదలైంది. ఊర్మిళ కుట్టిన గులాబీ రంగు గౌనులో సరోజిని ఒంటికాలిమీద చేతులు చాచి సాగింది. చిన్నపిల్లలు కూడా చేసేదే అది. అంతలో చక్రం బిగుసుకుపోయి దబ్బున పడింది.

ఊర్మిళ నవ్వు ఆగిపోయింది. బూట్లు అటకెక్కుతున్నట్టే కనిపించింది.

సరోజిని కూర్చున్నచోటే చక్రం విదిలించింది. పచ్చటి తొక్క ముక్క ఎగిరొచ్చి పైడమ్మ కాళ్ల దగ్గర పడింది.

"ఒలమ్మో! నా నిమ్మకాయే!"

సరోజిని లేచి, దుమ్ము దులుపుకుని, సాగింది. ఆక్సెల్ వేయాల్సిన చోటు దగ్గరపడుతోంది. వేయనా, వద్దా అన్నట్టు వదిన వైపు చూసింది. కొత్త కోడలు అత్తగారి పక్కన గట్టిగా మాట్లాడకూడదన్న సంగతే ఊర్మిళ మరిచిపోయింది. కుర్చీ ఎక్కేసింది.

"వెయ్యి సరోజినీ! వెయ్యి!"

సరోజిని ఎగిరింది. గులాబీ గౌను గొడుగులా విచ్చుకుని తిరిగింది. దిగేటప్పుడు ఒళ్లు తూలింది, చెయ్యి నేలకు తగలబోయింది. తగల్లేదు. నిలబడింది!

సొంపుకు మార్కు పలచగానే పడింది. కష్టానికి పడ్డ మార్కు మాత్రం ఆ రోజు అందరికంటే ఎక్కువ. రెండూ కలిపితే సరోజినిది మూడో స్థానం.

"మరి పడింది కదమ్మా, అటక మాటేంటి?" అన్నాడు సూరిబాబు.

పైడమ్మ కింద చతికిలబడి, కొంగుతో చక్రాల సందులు తుడుస్తోంది. "అది పడిందేటిరా? నాను పడేసినాను. భోపాల్లో నిమ్మకాయలొద్దు, కొబ్బరికాయ కొడదాం."

"ఎక్కడ?" ముగ్గురూ ఒక్కసారే అరిచారు.

"గేటు బయటేలే!" అంది పైడమ్మ.