చుక్క పడని వాన

“చిట్టీ, ఆ కొంగలు పొద్దున్నుంచీ మన గడ్డిలోనే ఎందుకు దిగుతున్నాయే? ఏదో అయింది. నా మనసేం బాగాలేదు.”

పాలక్యాన్లు కడుగుతున్న మా అమ్మాయి తల కూడా ఎత్తలేదు. “నీ మనసు ఎప్పుడు బాగుంది గనక? వాటికి ఆకలేసింది, దిగాయి. టీ ఇవ్వు.”

మాకు ఆరు ఆవులు. పాక వెనక మడిలో గడ్డి నడుమెత్తు పెరిగింది. దాన్ని కోసి, ఎండబెట్టి, వామి వేసుకుంటేనే మాకు ఎండాకాలం గడుస్తుంది. లేదా ఆవుల్ని ఒక్కొక్కటిగా తోలుకుపోయి అమ్ముకోవడమే. కిందటి కోతకు మబ్బు చూసి నేను గోల పెడితే చిట్టి లేతగడ్డే కోసేసింది. ఆ మబ్బు ఊరికే చూసిపోయింది, వామి సగమే లేచింది. అప్పట్నుంచీ ఇంట్లో నా పేరు ‘వాతావరణ కేంద్రం’. ఈసారి గడ్డికి కంకి వచ్చేదాకా కోత మాట ఎత్తొద్దని ముందే చెప్పేసింది.

మధ్యాహ్నం నా పోరు పడలేక మడిలోకి వచ్చింది. నేను చూపించిన చోట ఆకుల అంచులు రంపం పెట్టి కోసినట్టున్నాయి. నేల మీద ఆవగింజలంత పచ్చటి రెట్ట ఉండలు. చిట్టి ఆకులు తిప్పి తిప్పి చూసింది.

“మిడతలు కొరికుంటాయి. ఏదీ, పురుగుని చూపించు మరి?”

“దాక్కుందేమోనే!”

“అవును, నిన్ను చూసి భయపడుంటుంది.”

కోత మిషనున్న మా మరిది, చిట్టికి ట్రాక్టరు బాబాయి, అటుగా పోతూ బండి ఆపాడు. “ఏం వదినా, ఈసారి తుపానా, భూకంపమా? రేపు పొద్దున మిషను ఖాళీ. తర్వాత వారం దాకా దొరకను. కోయించాలంటే చీకటి పడేలోపు చెప్పండి.”

“అక్కర్లేదు బాబాయ్. కంకి రానీ,” అనేసింది చిట్టి.

ఆ తర్వాత నాకు కాలు ఒకచోట నిలవలేదు. పాలు పొయ్యి మీద పెట్టి పెరట్లోకి, పెరట్లోంచి మళ్లీ పొయ్యి దగ్గరికి. నేను అటు తిరగ్గానే పాలు పొంగనే పొంగాయి. పొద్దు వాలుతుండగా పొయ్యి గట్టు తుడుస్తుంటే వినిపించింది. సన్నగా, తెరిపి లేకుండా, ఆకుల మీద చినుకుల చప్పుడు.

“వాన! చిట్టీ, కంచె మీద దుప్పటి!” అంటూ పరిగెత్తాను.

పైన ఒక్క మబ్బు లేదు. అరచెయ్యి చాపాను. చుక్క పడలేదు. చప్పుడు మాత్రం ఆగలేదు. అది మడిలోంచి వస్తోంది. తెల్లదుప్పటి లాగి చేతిలోకి తీసుకున్నాక చూశాను, అప్పటిదాకా గడ్డిలోకి వేలాడిన కొస నిండా పురుగులు. వీపు మీద చారలు, ఒకదాన్నొకటి తోసుకుంటూ పైకి పాకుతున్నాయి.

“వానేదమ్మా? గొడుగు తెమ్మంటావా?” చిట్టి వెనక నించుని నవ్వుతోంది.

“నోరు మూసుకుని విను.”

విన్నది. నవ్వు ఆగిపోయింది. మోకాళ్ల మీద కూలబడి గడ్డి విడదీసింది. పగలంతా మొదళ్లలో, ఎండుటాకుల కింద పడుకున్నవన్నీ ఇప్పుడు పైకొచ్చి నములుతున్నాయి.

“లద్దె పురుగేనా?” అన్నాను.

“మందు కొడదామా? కొడితే ఆ గడ్డి ఆవులు తినొచ్చా? ఎర్రావు కడుపుతో ఉందే! పోనీ, కోసేద్దామా? కోశాక నిజంగానే వానొస్తేనో?”

చిట్టి ఇంకో దుబ్బు విడదీసి చూస్తోంది. వెలుతురు తగ్గిపోతోంది. బాబాయి ఈపాటికి ఇంకెవరికైనా మాటిచ్చేశాడేమో. ఆ నమిలే చప్పుడు నా చెవి పక్కనే అవుతున్నట్టుంది.

“ఏమే, ఏదైనా కుట్టిందా? కళ్లు తిరుగుతున్నాయా? మాట్లాడవే తల్లీ!”

చిట్టి లేచి, నా చేతిలోంచి దుప్పటి తీసుకుని గట్టిగా దులిపింది. మడంతా ఈ చివర నుంచి ఆ చివర దాకా చూసింది. గట్టు అవతల ఆవులు మేసే పచ్చిక వైపు ఇంకా చాలాసేపు చూసింది.

“బాబాయికి ఫోన్ చెయ్యమ్మా,” అంది చివరికి. “పొద్దున్నే కోత అని చెప్పు. ఇక్కడ కోసేస్తే ఇవి అటు పచ్చిక మీదికే పోతాయి. అడ్డంగా కాలవ తీస్తే అందులో పడి ఇటు ఎక్కలేవు. పారలు రెండు పట్రా.”