అడుగు తిప్పి చూడని తూటా

మా డ్రై ఫోర్క్ ఊళ్లో రైఫిల్ పట్టిన ప్రతివాడికీ ఒక నియమం ఉంది. ఎవడి తూటా వాడే నింపుకోవాలి. ఇంకొకడు నింపింది కాల్చకూడదు. ఒక రైఫిల్ ఓర్చుకున్న తుపాకిమందును పక్క రైఫిల్ ఓర్చుకోదు. నా తమ్ముడు ఐనార్ ఆ నియమం ఒక్కసారే తప్పాడు. రెండేళ్ల కిందట ఎల్క్ దుప్పుల వేటకు ముందు కొట్లలో మందు దొరకలేదు. వాడికి తుపాకి పట్టడం నేర్పిన రాయ్స్ హాల్డర్‌మన్ ఒక పెట్టె తూటాలిచ్చి, "నా దగ్గర బంగారంలా పేలుతున్నాయి, తీసుకోరా" అన్నాడు. ఆగస్టు ఎండలో వాటిలో ఒకటి కాలిస్తే రైఫిల్ వెనక్కి పగిలింది. కుడికన్ను పోయింది.

కన్ను పోయినందుకు ఏడ్చాను. నా కడుపు మండింది మాత్రం ఆ తర్వాత జరిగిన దానికి. వారం తిరక్కుండా రాయ్స్ కేఫ్‌లో కూర్చుని ఊరందరికీ వినబడేలా చెప్పాడు: "నేనిచ్చినవి వాడు ఎప్పుడో కాల్చేశాడు. పేలింది వాడు నింపుకున్నదే. బీరు తాగుతూ తూటాలో మందు రెండుసార్లు పోసుకున్నాడు, పాపం."

ఆ 'పాపం' అన్న మాట నేను మరిచిపోలేదు. ఐనార్ వేటగాళ్లను కొండల్లోకి తీసుకెళ్లి బతికేవాడు. మందు కొలత తెలియని గైడ్ వెంట ఎవడు వెళతాడు? ఇప్పుడు ఊళ్లో వాళ్ల కంచెలు బాగుచేస్తున్నాడు. పగిలిన తూటా ఎవరిదో చెప్పడానికి సాక్ష్యం ఏమీ మిగల్లేదు.

పోయిన చలికాలం ఐనార్ పాత ట్రక్కు సీటు కింద ఆ పెట్టె దొరికింది. మూత మీద హాల్డర్‌మన్‌ల పశువుల ముద్ర ఉంది, పక్కకు వాలిన హెచ్, కింద గీత. రాయ్స్ తన అన్నం డబ్బా మీద కూడా ఆ ముద్ర కాల్చి వేసుకుంటాడు. లోపల అయిదు తూటాలు మిగిలాయి. నాలుగింటి గుండ్లు ఊడబీకి మందు తూచాను. నాలుగూ ఒకే తూకం, మందు కొలతల పుస్తకంలో ఇంతకు మించవద్దన్న గీతకు బాగా పైన. తాగినవాడి పొరపాటైతే నాలుగుసార్లు ఒకేలా రాదు. ఎండ వేడికి మందు జోరు ఇంకా పెరుగుతుంది. మార్చి చలిలో, తూటా గది వదులుగా ఉన్న తన రైఫిల్ పగల్లేదు కదా అని, గది బిగువైన రైఫిల్ ఉన్నవాడికి దానం చేశాడు మహానుభావుడు.

కానీ పెట్టె ఒక్కటే చూపిస్తే లాభం లేదు. 'వాడి అక్క నింపి నా పెట్టెలో పెట్టింది' అంటాడు రాయ్స్. వాడి నోటితోనే చెప్పించాలి. ఎలాగో ఆలోచిస్తూ ఎండాకాలం దాకా ఓపిక పట్టాను.

ఆగస్టులో ఒక ఆదివారం తుపాకి క్లబ్బులో అందరూ చేరారు. గుండు వేగం కొలిచే యంత్రం దగ్గర కూర్చునేది నేనే. రాయ్స్ కాల్చిన ప్రతిసారీ అంకె పుస్తకం చెప్పిన వేగాన్ని దాటుతోంది. వాడు మీసం దువ్వుతున్నాడు. పేలిన గొట్టం లోపల ఇరుక్కుని, దాన్ని తీయడానికి మాత్రం రైఫిల్ గడియను, అదే బోల్టును, అరచేత్తో చరచాల్సి వస్తోంది. కింద పడ్డ ఇత్తడి గొట్టం తీసి అడుగు తిప్పి చూశాను. మధ్యలో మందును రాజేసే చిన్న బిళ్ల, ప్రైమర్, అంచులు లేకుండా అప్పడంలా చదునైపోయింది.

"రాయ్స్, నీ ఇత్తడి ఏడుస్తోంది," అన్నాను. "వేగం ఊరికే రాదు. దాని ఖరీదు ఈ గొట్టం కడుతోంది."

"ఆ పుస్తకాలు లాయర్లు రాస్తారమ్మా సిగ్రిడ్! భయపడేవాళ్ల కోసం," అన్నాడు. నలుగురు నవ్వారు.

"అయితే నీకు భయం లేదన్నమాట." పెట్టె తెచ్చి వాడి ముందు పెట్టాను. "ఈ ముద్ర ఎవరిది?"

"నాదే. ఎక్కడిది ఇది నీకు?"

"ఐనార్ ట్రక్కులోది. ఎప్పుడో కాల్చేశాడన్నావుగా, మిగిలాయి. ఒకటి కాల్చు. ఇదిగో వాడి కొత్త రైఫిల్. పాతదాన్ని చేసినవాడే చేశాడు, అంతే బిగువు."

రాయ్స్ చుట్టూ చూశాడు. "నువ్వే నింపి తెచ్చావేమో, ఎవరికి తెలుసు?"

"నేను నింపితే నీకేం భయం? నేను పుస్తకం గీత దాటనని ఊరంతా ఎరుగును కదా."

క్లబ్బు పెద్ద ముసలి ఆర్లో గొంతు సవరించుకున్నాడు. "మాట బాగానే ఉంది రాయ్స్. తూటాలు నీవైతే మంచివంటావు, ఆవిడవైతే అంతకన్నా మంచివి. కాల్చు మరి."

రాయ్స్ బల్ల దగ్గర కూర్చున్నాడు. తూటా లోపల పెట్టాడు. బోల్టు మూశాడు. చెంప రైఫిల్‌కి ఆనించలేదు, కన్ను దూరంగా పెట్టాడు. వేలు ట్రిగ్గర్ దాకా వెళ్లి ఆగింది. మెడ మీద చెమట ధారగా కారుతోంది. కాల్చరా, కాల్చు అని లోపల అరుస్తూనే ఉన్నాను. జాలి పడ్డానని చెబితే అబద్ధం.

"ఈ రైఫిల్‌లో కాదు!" అని కేకేశాడు. "దీని గది బిగువు, నేను పోసిన మందు ఇందులో పట్టదు! చలిలో చూసి నింపాను. అది కూడా వాడితో చెప్పాల్సింది..."

గుమ్మడికాయల దొంగ భుజాలు తడుముకున్నాడు.

అంతవరకూ కంచె దగ్గర నిలబడ్డ ఐనార్ వచ్చి, వాణ్ణి పక్కకు జరిపి కూర్చున్నాడు. ఎడమ భుజానికి రైఫిల్ ఆనించి ట్రిగ్గర్ నొక్కాడు. టిక్కుమంది, అంతే. తూటా బయటికి తీసి, అడుగు తిప్పి రాయ్స్ ముఖం ముందు పెట్టాడు. ప్రైమర్ మీద పాత సొట్ట పక్కనే కొత్తది. ఆ నాలుగింటి మందూ తీసేసి, ప్రైమర్లు నేనే పేల్చేసి, గుండ్లు మళ్లీ బిగించి ముందే పెట్టెలో పెట్టాను.

"తూటా చేతికి రాగానే అడుగు తిప్పి చూడమని నాకు నేర్పింది నువ్వే కదా," అన్నాడు ఐనార్. "ఎందుకు చూడలేదు?"

అయిదో తూటా నా జేబులో ఉంది, మందుతోనే. ఆ పొద్దున దాన్ని పెట్టెలో ముందు వరసలో పెట్టాను. కాఫీ చల్లారేదాకా దాన్నే చూస్తూ కూర్చుని, మళ్లీ తీసి జేబులో వేసుకున్నాను. ఇప్పుడు దాన్ని ఆర్లో చేతికిచ్చాను. ఆయన గుండు ఊడబీకి, అందరి ముందూ తూచి, పుస్తకం తెరిచి చూసి, మూసేశాడు. "ఇది తూటాలో పోసే మందు కాదురా, చంపడానికి పోసే మందు," అన్నాడు.

"నన్నేం చెయ్యమంటావు ఐనార్?" అన్నాడు రాయ్స్, నేల చూస్తూ.

"రేపు పొద్దున కేఫ్‌కి రా. అప్పుడు ఏ కుర్చీలో కూర్చుని చెప్పావో అందులోనే కూర్చుని నిజం చెప్పు. గొంతు కూడా అంతే ఉండాలి."

మర్నాడు నేను ముందే వెళ్లి ఆ కుర్చీకి ఎదురుగా కూర్చున్నాను. కేఫ్ నిండిపోయింది. రాయ్స్ వచ్చాడు, టోపీ తీసి ఒళ్లో పెట్టుకుని, తూటా తనదేనని, ఐనార్ తప్పేమీ లేదని, కాఫీ కప్పుతో చెప్పినట్టు గొణిగాడు.

"వినబడలేదు రాయ్స్," అన్నాను. "మళ్లీ చెప్పు."