తాళం వెయ్యమ్మా

పొద్దున్నే ఆ ఇంట్లో ముందు లేచేది నాన్న గొంతు. కాళ్ళు తర్వాత లేస్తాయి.

"తాళం వెయ్యమ్మా!" అని మంచం మీంచి కేకేస్తాడు. కూతురు కళ్ళు నులుముకుంటూ దిండు కింద చెయ్యి పెట్టి గేమ్ బయటికి తీస్తుంది. చేతిలో ఇమిడే చిన్న గేమ్. ఎడమ బటన్, కుడి బటన్, డప్పు మోగే తాళానికి సరిగ్గా నొక్కాలి. స్క్రీన్ మీద ఓ ముసలి దీపాలాయన అడుగు వేసి వీధిదీపం వెలిగిస్తాడు, మంచం మీది నాన్న కాలు కింద పెడతాడు. దీపం వెనక దీపం, అడుగు వెనక అడుగు. అలా స్నానాల గదికి వెళ్ళి, మొహం కడుక్కుని, వంటింట్లో కుర్చీలో కూర్చుని "టీ ఏదీ?" అంటాడు.

"పెళ్ళైన కొత్తలో నేను పిలిస్తే కూడా ఈ మనిషి ఇంత బుద్ధిగా నడిచి రాలేదు," అంటుంది అమ్మ గ్లాసు అందిస్తూ.

జబ్బు చేసి నాన్న కాళ్ళు రెండూ పడిపోయాయి. ఇక లేవవని డాక్టరు తేల్చి చెప్పేశాడు. ఓ మధ్యాహ్నం కూతురు మంచం పక్కన కూర్చుని ఏమీ తోచక ఆడుకుంటుంటే, ఆటలోని ఆ డప్పు చప్పుడుకు నాన్న బొటనవేలు కదిలింది. తర్వాత మోకాలు. ఆ తర్వాత మనిషే లేచాడు. దానికి ఎవరూ నోరు వెళ్ళబెట్టలేదు. కాళ్ళకు కసరత్తు చేయించే ఆవిడ, "ఇంకేం, ఛార్జింగ్ అయిపోకుండా చూసుకోండి," అని సంచి సర్దుకుని వెళ్ళిపోయింది. పైవాటా పిన్నిగారైతే, "మా ఆయనకు నడుంనొప్పి. దానికేమైనా ఆట ఉందేమో కనుక్కోవే," అంది.

చిక్కల్లా ఏమిటంటే, ఆ కాళ్ళు కూతురి వేళ్ళకే పలుకుతాయి. అమ్మ నొక్కితే కదలవు. ఆ కూతురేమో చిన్నప్పుడు బళ్ళో బృందగానం నుంచి చెయ్యి పట్టుకుని బయటికి పంపిన పిల్ల. నాన్నది తాళాలు బాగుచేసే దుకాణం. "తాళాలాయన కూతురికి తాళం లేదర్రా!" అని వీధి వీధంతా నవ్వింది. ఇప్పుడా పిల్ల దెబ్బ ఒక్కటి ఆలస్యంగా వేస్తే నాన్న మోకాలు వెళ్ళి గోడకు కొట్టుకుంటుంది. మొదట్లో ఆయన కాళ్ళ నిండా కమిలిన మచ్చలే. "ఏం కాదులే, నా గోడే కదా," అనేవాడు.

ఆట ఊరికే ఆట కాదు, దానికో కథ ఉంది. ఊరు మొత్తం చీకటైపోతే దీపాలాయన ఒక్కో వీధీ వెలిగిస్తూ ఇంటికి తిరిగి వెళ్తుంటాడు. వీధి మొదట్లో "తాళం వెయ్యి" అని అక్షరాలు పడతాయి. వీధి చివర కథ కొంచెం తెలుస్తుంది. భార్యతో పోట్లాడి ఇల్లు వదిలాడట. "ఆవిడ ఇంకా బతికే ఉందంటావా?" అని నాన్న నడుస్తూ నడుస్తూ అడిగేవాడు. "మాట్లాడకు నాన్నా, తప్పుతుంది!" అని కూతురు అరిచేది.

దాటిన వీధి మళ్ళీ పనికిరాదు. కూతురు మళ్ళీ మొదటినుంచి ఆడి చూసింది, ఆ పాత వీధులకు నాన్న కాళ్ళు ఉలకలేదు పలకలేదు. అంటే ఆయన నడిచిన ప్రతి అడుగూ కథలో తరుగే. సంగతి తెలిసేసరికి చివరి వీధుల్లోకి వచ్చేశారు. సాయంత్రం షికారు మానేశారు. తర్వాత వంటింటి కుర్చీ మానేసి టీ మంచం దగ్గరికే తెచ్చారు. ఎంత పొదుపు చేసినా ఒకటే వీధి మిగిలింది. తను పనిచేసే కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు తుడుస్తూ కూడా కూతురికి అదే దిగులు. ఏ దేవుడికి చెప్పుకోవాలో, ఏ డాక్టర్ని అడగాలో తెలియని దిగులు.

ఆ ఆట పూర్తిగా ఆడేసిన తోటి పనివాడు చెప్పాడు. "ఆఖర్లో ముసలాయన తన గుమ్మం ముందు ఆగిపోతాడు. ఒక్క దెబ్బ మిగులుతుంది. అది వేస్తే కథ అయిపోయినట్టే."

ఇంటికొచ్చి నాన్న పక్కన కూర్చుంది. "ఆ దెబ్బ నేను వెయ్యను నాన్నా. చచ్చినా వెయ్యను. కథ అయిపోనంత వరకూ నీ కాళ్ళల్లో ప్రాణం ఉంటుంది. నడవలేకపోయినా లేచి నిలబడతావు."

"నిలబడితే చాలమ్మా. నా పని నిలబడి చేసేదేగా," అన్నాడు నాన్న. "అయితే ఆ వీధి ఇంట్లో ఖర్చు పెట్టకు. నన్ను దుకాణం దాకా నడిపించు. తర్వాత రోజూ చక్రాల కుర్చీలో తోసుకెళ్ళండి."

మర్నాడు సాయంత్రం బయల్దేరారు. నాన్న ముందు, పక్కనే గేమ్‌లోంచి తల ఎత్తకుండా కూతురు, వెనక చక్రాల కుర్చీ తోసుకుంటూ అమ్మ, అడగకపోయినా పైవాటా పిన్నిగారు. దారిలో జనం పక్కకు తప్పుకున్నారు. "బాగున్నావా తాళాలాయనా?" అని ఎవరో అంటే, "మా అమ్మాయి దయ," అన్నాడు.

మలుపులో గట్టు తగిలి నాన్న తూలాడు. కూతురు పట్టుకుందామంటే చేతులు ఖాళీ లేవు. చేతులు ఖాళీ చేస్తే నడకే లేదు. కన్నతండ్రి జానెడు దూరంలో పడిపోబోతుంటే ఆమె బటన్లు నొక్కుతూనే ఉంది. ఏడుపు ముంచుకొచ్చింది. ఆయనే ఎలాగో గోడ పట్టుకుని నిలదొక్కుకున్నాడు.

దుకాణమంటే గోడలో గూడంత. బయట మెట్టు మీద నిలబడే పని చేసుకోవాలి. నాన్న వంగి తాళం తీసి షట్టర్ పైకెత్తాడు. లోపలి నూనె వాసన తగలగానే ఆయన మొహం వెలిగింది. స్క్రీన్ మీద దీపాలాయన తన గుమ్మం ముందు ఆగాడు. "తాళం వెయ్యి" అని అక్షరాలు పడ్డాయి. కూతురు బొటనవేళ్ళు గాల్లోనే ఆపేసింది.

నాన్న నిలబడే ఉన్నాడు. ఆకురాయి తీసి, ఎవరికీ అక్కర్లేని ఓ తాళంచెవిని సరదాకి అరగదీశాడు. అమ్మ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. "ఇంక దాన్ని సంచిలో పడెయ్యవే," అంది పిన్నిగారు. కూతురికి ధైర్యం చాల్లేదు. గేమ్ ఆరిపోతే ఏమవుతుందో, వేలు తగిలితే ఏమవుతుందో అని బిగుసుకుపోయి స్క్రీన్‌నే చూస్తూ కూర్చుంది.

కాసేపటికి నాన్న షట్టర్ కిందికి లాగాడు. మళ్ళీ వంగే ఓపిక లేక, తాళంకప్ప కూతురి వైపు చాచి అన్నాడు.

"తాళం వెయ్యమ్మా."

ఇన్నాళ్ళూ రోజూ పొద్దున్నే విన్న మాట. ఆమె వేలు ఆమెను అడగలేదు. టక్.

స్క్రీన్ మీద తలుపు తెరుచుకుంది. ఆమె తలెత్తేసరికి నాన్న చెయ్యి చాచే ఉంది, చేతిలో తాళంకప్ప ఉంది, మోకాళ్ళు మాత్రం మడతపడుతున్నాయి. అమ్మ కుర్చీ తోసింది కాబట్టి సరిపోయింది, అందులో కూలబడ్డాడు.

"అయ్యో నాన్నా... నువ్వన్నది ఈ తాళమా!"

నాన్న తన కాళ్ళ వైపు చూసుకున్నాడు. చేతిలో కప్ప వైపు చూశాడు.

"తప్పు నాదేలేవే," అన్నాడు. "బుద్ధెరిగినప్పటి నుంచీ తాళాల మధ్యే బతికాను. ఆ మాటకు రెండు చెవులున్నాయని నేనే మర్చిపోయాను."

కూతురు వెక్కి వెక్కి ఏడుస్తోంది.

"దెబ్బ సరిగ్గా పడిందా?"

"పడింది నాన్నా."

"ఆవిడ బతికే ఉందా మరి?"

ఆమె మసకబారిన కళ్ళతో స్క్రీన్ చూసింది. "ఉంది. గుమ్మంలో దీపం పట్టుకుని నిలబడి ఉంది."

"పోన్లే," అన్నాడు నాన్న. "వాడన్నా నడిచి ఇల్లు చేరాడు."

గేమ్ సంచిలో వేసి, ఆయన చేతిలోంచి కప్ప తీసుకుని షట్టర్‌కు తాళం వేసింది. నాన్నను పట్టుకోవడానికి ఇప్పుడామె రెండు చేతులూ ఖాళీయే. ఆ రెండు చేతులతోనే కుర్చీ పట్టుకుని ఇంటివైపు తిప్పింది.