నా మోతాదు

పొద్దున్నే పొయ్యి వెలిగించేముందు ఇద్దరి ఇన్సులిన్ సూదులూ సిద్ధం చేయడం నా పని. నా భర్త డెల్బర్ట్‌కి డాక్టర్ రాసినంతా. నాకు సగం. ఆరేళ్ళుగా అంతే. నా డబ్బా రెండు నెలలు లాగితేనే ఆయన డబ్బా నెలనెలా ఇంటికొచ్చేది. ఆయన రంపపుమిల్లు పింఛనూ, స్కూలు వంటగదిలో ముప్పైయేళ్ళు గరిటె తిప్పిన నా పింఛనూ కలిపినా ఇద్దరికీ కొనే తాహతు లేదు. మరి సగం ఎవరికన్న ప్రశ్న మా ఇంట్లో ఎప్పుడూ రాలేదు. ఆయన అడగలేదు, నేను చెప్పలేదు.

సగం మందుకి చక్కెర దిగుతుందా? దిగడం లేదని డాక్టర్ ఏటా మోతాదు పెంచేవాడు. పెరిగినదాంట్లోనూ నేను సగమే పొడుచుకునేదాన్ని. తీపి తగ్గించమ్మా అనేవాడాయన. "దాని చెయ్యి ఊరుకోదు డాక్టర్, వంటింట్లో ఒక్కతే ఉంటుందిగా," అని డెల్బర్ట్ నవ్వేవాడు. చర్చిలో అందరికీ తియ్యటి యాపిల్ పై ముక్కలు కోసిపెట్టి, నేనొక్క ముక్క నోట్లో వేసుకోకుండా వచ్చిన ఆదివారాలు గుర్తొచ్చి నాకు ఒళ్ళు మండేది. నోరు మాత్రం లేచేది కాదు.

ఆ జనవరిలో, మందుల షాపు కౌంటర్లో పనిచేసే జోయాన్, నాతో చదువుకున్నదే, నా ఇన్సులిన్‌కి ముప్పై అయిదు డాలర్లంది. ఇంత తక్కువా, ఇంకెవరిదో బిల్లు నాకిస్తున్నావు, మళ్ళీ చూడమన్నాను. కొత్త చట్టమట. మెడికేర్ అనే సర్కారు బీమా కార్డున్న మాలాంటి ముసలివాళ్ళకి ఇన్సులిన్ నెలకి అంతకు మించకూడదట. ఇద్దరికీ కలిపా అని అడిగాను.

"కలిపి కాదు వెర్నా. ఆయనది ఆయనకి, నీది నీకు."

నేను కౌంటరు పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ఎక్కడో వాషింగ్టన్‌లో, నా మొహమైనా ఎరగనివాళ్ళు నన్ను విడిగా ఒక మనిషి కింద లెక్కేశారు! నలభై ఆరేళ్ళ కాపురంలో నాకు నేనే వేసుకోని లెక్క అది. కారులో కూర్చుని, డబ్బా ఒళ్ళో పెట్టుకుని, ఇదంతా నాదేనా అని చాలాసేపు చూశాను. ఎందుకో కళ్ళనీళ్ళొచ్చాయి.

మర్నాడు రాసినదంతా, ముప్పై ఆరు యూనిట్లూ వేసుకున్నాను. కొత్త బట్టలు కట్టుకున్నంత సంబరం. మధ్యాహ్నం మొక్కజొన్న రొట్టె పొయ్యిలో పెట్టానో లేదో, చక్కెర ఒక్కసారిగా పడిపోయి, చేతులు వణికి, చెమటలు పట్టి, నేలమీద కూలబడ్డాను. కాసేపటికి, రొట్టె మాడుతోందని డెల్బర్ట్ కుర్చీలోంచి కేకేశాడు. రెండో కేకకీ పలక్కపోయేసరికి లేచొచ్చాడు. గ్లాసు నా నోటికి ఆనించి నారింజరసం తాగించాడు.

సాయంత్రం ఆసుపత్రిలో డాక్టర్ నా కాగితాలు తిరగేసి, ఇవాళ కొత్తగా ఏం చేశావమ్మా అనడిగాడు.

"ఏం చేస్తుంది, రోజూ వేసుకునేదే," అన్నాడు డెల్బర్ట్.

"కాదు. మొత్తం వేసుకోవడం ఇవాళే. ఆరేళ్ళుగా సగమే."

డెల్బర్ట్ టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. "మరి నాది?" అన్నాడు మెల్లగా.

"నీకెప్పుడూ తక్కువ కాలేదు."

ఆయన తల వంచుకున్నాడు. డాక్టర్, అంటే ఇన్నాళ్ళూ తప్పు లెక్కల మీద మోతాదు పెంచుతూ పోయానన్నమాట అని గొణుక్కుని, అసలు నీకెంత సరిపోతుందమ్మా అని నన్నే అడిగాడు.

"నాకూ తెలీదు డాక్టర్. అరవై తొమ్మిదేళ్ళొచ్చాయి, ఇంతవరకూ ఎవరూ చూళ్ళేదు. మొదట్నించీ కొలవండి, నాకెంత కావాలో."