గట్టు లేని కిటికీలు

మా ఊరి కింద ఇనుప గని ఉంది. తవ్వగా తవ్వగా నేల కుంగుతోందని ఊరినే తూర్పు వాలుకు జరిపారు. కొత్త ఇళ్ళు గీసింది మా అన్నయ్య వాల్‌ఫ్రిడ్ కూతురు సిగ్న్‌హిల్డ్. ఆర్కిటెక్ట్. కిటికీలన్నీ నేల నుంచి కప్పు దాకా అద్దాలే. "ధ్రువం పక్కనున్న మన ఉత్తరాదిలో వెలుతురే కరువు కదత్తా, వచ్చే కాస్తయినా లోపలికి రానీ" అనేది. నాకూ బాగానే తోచింది, అబద్ధమెందుకు! తీరా కాపురం పెట్టాక, సోఫాలో కాళ్ళు చాపుకున్నా వీధంతా చూస్తోందని అందరం తెరలు దించేశాం.

క్రిస్మస్‌ ముందు వారాల్లో మా దేశంలో ప్రతి కిటికీ గట్టు మీదా కొవ్వొత్తుల వరసలాంటి కరెంటు దీపం పెడతారు. దీపం ఉంటే ఇంట్లో మనుషులున్నట్టే. కొత్త అద్దాలకు గట్టే లేదు. సరిగ్గా అప్పుడే టోర్‌స్టెన్ అనే చిత్రకారుడు ఇంటింటికీ వచ్చి, కూల్చబోయే మా పాత వీధిలో చివరిసారి ఆ దీపాలు వెలిగిస్తానన్నాడు.

"పట్టుకుపో నాయనా, ఇక్కడ నెత్తిన పెట్టుకోనా?" అని ఇచ్చేశాను. అందరూ ఇచ్చారు.

కూల్చివేతకు ముందురోజు అన్నయ్య ఇంట్లో కనిపించలేదు. మా డిసెంబరులో మధ్యాహ్నానికే చీకటి. కొత్తగా కురిసిన మంచులో అతని అడుగులు పాత ఊరి వైపు వెళ్ళాయి. నేనూ సిగ్న్‌హిల్డూ కారులో బయల్దేరాం.

వీధి మలుపు తిరిగాం. ప్రతి కిటికీలో దీపం. ఎప్పుడో చనిపోయిన మా పక్కింటి ఎలిన్ ఇంట్లోనూ దీపమే. ఏ గుమ్మం ముందూ అడుగుజాడ లేదు, అన్నయ్య గుమ్మం ముందు తప్ప.

ఖాళీ వంటింట్లో ఒక డబ్బా మీద కూర్చుని ఉన్నాడు. పెదాలు నీలంగా ఉన్నాయి. ఫ్లాస్కులోని కాఫీ రెండు కప్పుల్లో పోసి ఉంచాడు.

"మతి పోయిందా అన్నయ్యా? గడ్డకట్టుకుపోతావ్!"

"అరవకే. అందరూ వచ్చేశారు, చూళ్ళేదూ? ఎలిన్ కూడా వచ్చింది. మీ వదిన దారిలో ఉంటుంది."

మా వదిన బ్రీటా పోయి చాలా ఏళ్ళయింది.

సిగ్న్‌హిల్డ్ అతని చేతులు రుద్దుతూ, "అవి టోర్‌స్టెన్ పెట్టిన దీపాలు నాన్నా. ఇక్కడెవరూ లేరు. అందరూ అక్కడున్నారు" అని కిటికీలోంచి తూర్పు వాలు చూపించింది.

అన్నయ్య తొంగిచూశాడు. నేనూ చూశాను. దించిన తెరల వెనక ఊరంతా నల్లగా ఉంది.

"అంత చీకట్లో ఎవరుంటారమ్మా?" అన్నాడు. "సరే, మనిల్లేదో చూపించు, వస్తాను."

సిగ్న్‌హిల్డ్ వేలు ఒకచోట ఆగింది, పక్కకు జరిగింది, మళ్ళీ వెనక్కొచ్చింది. అందులో ప్రతి కిటికీ తను గీసిందే. చెయ్యి దించేసుకుని, గట్టు మీది దీపం తీగ పీకి చంకన పెట్టుకుంది.

"చూపిస్తాను నాన్నా, కారెక్కు."

కొత్త ఇంటి ముందు మమ్మల్ని వీధిలోనే దింపి తనొక్కతే లోపలికి వెళ్ళింది. తెర పైకి లేచింది. దీపం ఆనించడానికి ఏమీ దొరకలేదేమో, అద్దం వెనక నేల మీద చతికిలబడి, వెలుగుతున్న దీపాన్ని ఒళ్ళో పెట్టుకుంది. ముఖం నీడలో ఉంది.

అన్నయ్య మొహం విప్పారింది.

"బ్రీటా వచ్చేసిందే!" అని గబగబా మెట్లెక్కాడు.

నాకు ఏడుపొచ్చింది. కాదని మాత్రం అనలేదు.