పక్క సైట్‌లో పడిన నీళ్ళు

ఊరి చివర పీణ్య దాటాక వేసిన కొత్త లేఅవుట్‌లో పక్కపక్కనే రెండు సైట్లు వెతికిపెట్టింది పుష్పావతే. ఒకటి తనకు, ఒకటి చెల్లెలు కాత్యాయనికి. ఇద్దరూ ఒకేసారి ఇల్లు మొదలుపెట్టారు. బోరు లారీని కూడా కలిపే మాట్లాడుకున్నారు.

పుష్పావతి పెద్దది కాబట్టి మొదటి రోజు ఆమె సైట్‌లో బోరు వేశారు. పొద్దుగూకేదాకా తెల్లటి రాతిపొడి తప్ప ఏమీ రాలేదు. పదకొండువందల అడుగుల దగ్గర బోరు మేస్త్రీ నాగప్ప మిషన్ ఆపేశాడు.

మరునాడు లారీ కాత్యాయని సైట్‌లోకి జరిగింది. నాలుగువందల అడుగులు కూడా దాటకముందే బురదనీళ్ళు ఎగజిమ్మాయి. కాత్యాయని తడిసిన చీరతోనే పరుగెత్తుకొచ్చి అక్కను వాటేసుకుంది.

"నా నీళ్ళు నీవి కావా అక్కా? పైపు వేయించుకో."

"వద్దులే. ట్యాంకర్‌కి చెప్పినాను," అంది పుష్పావతి నవ్వుతూ. ఆ నవ్వు నిలుపుకోవడానికి ఆమె దవడలు నొప్పెట్టాయి.

దానికెప్పుడూ ఇంతే అనుకుంది. చదువు అబ్బింది, మంచి సంబంధం నడిచి వచ్చింది, ఇప్పుడు తను కాళ్ళరిగేలా తిరిగి వెతికిన చోట నీళ్ళు కూడా దానికే పడ్డాయి.

ట్యాంకర్ రాని రోజుల్లో తన ఇంటి స్లాబు ఎండకు ఎండిపోయేది. పక్కన కూలీలు పైపు పట్టుకుని గోడలు తడుపుతూ పాటలు పాడుకునేవాళ్ళు. పుష్పావతికి ఆ పాటలు విన్నా ఒళ్ళు మండేది. "పైపు వేసుకుంటే మనదేం పోతాది?" అన్నందుకు భర్త అమరనాథ్‌తో రెండు రోజులు మాట్లాడలేదు.

ఆడపడుచు ఇంట్లో పెళ్ళికని కాత్యాయని కోలారు వెళ్ళిన వారం, పుష్పావతి నాగప్పను మళ్ళీ పిలిపించింది. చెల్లెలి బోరుకు ఎదురుగా, గోడ పక్కనే చోటు చూపించింది.

"ఇంత దగ్గర వేస్తే ఆ బోరు నీళ్ళు ఇది గుంజేస్తాదమ్మా," అన్నాడు నాగప్ప.

"నా సైట్‌లో నేను వేసుకుంటాండాను. నువ్వు వెయ్యప్పా."

నీళ్ళు పడ్డాయి. అవసరం లేకపోయినా రోజూ మోటారు వేసి, ధార పడుతుంటే చూస్తూ నిలబడేది.

కాత్యాయని తిరిగొచ్చి తన మోటారు వేస్తే గాలి తప్ప రాలేదు. గోడ దగ్గరికి వచ్చి కొత్త బోరు చూసింది.

"నీకూ పడినాయా అక్కా? మంచిదాయె. మాది ఎందుకో ఎత్తడం లేదు. ఎండలకేమో."

అనేసి ట్యాంకర్‌కి ఫోన్ చెయ్యడానికి వెళ్ళిపోయింది. గొడవకు సిద్ధం చేసుకున్న జవాబులన్నీ పుష్పావతి దగ్గరే మిగిలిపోయాయి. నింద వెయ్యకుండా ఉండటంలోనూ చెల్లెలిదే పైచేయి అయిందని లోలోపల రగిలిపోయింది.

ఇప్పుడు ట్యాంకర్ కాత్యాయని గేటు ముందు ఆగుతోంది. ఎండలో దానికోసం ఎదురుచూసే చెల్లెల్ని చూడాలనే కదా ఇంత చేసింది. తీరా చూశాక అన్నం సయించలేదు. నాలుగో రోజు గోడ దాటి వెళ్ళింది.

"నీ బోరు ఎండలకు పోలేదు కాత్యా. నేనే కావాలని పక్కన వేయించినాను. ఓర్వలేకపోయినాను."

కాత్యాయని గోడకు నీళ్ళు చల్లడం ఆపలేదు. "తెలుసు. నాగప్ప ఆ రోజే ఫోన్ చేసినాడు. నువ్వు చెప్తావో లేదో అని చూస్తాండాను."

"నన్ను నాలుగు తిట్టు."

"తిడితే నీళ్ళొస్తాయా? పైపు వేయించు. రోజు మార్చి రోజు తీసుకుంటాం."

మరునాడే అమరనాథ్ పైపు వేయించాడు. రెండిళ్ళలో ఒకే ముహూర్తానికి పాలు పొంగించారు. కాత్యాయని వస్తుంది, పోతుంది. కానీ ఇదివరకటిలా వంటింట్లోకి వచ్చి గట్టెక్కి కూర్చోదు. హాల్లోనే కాఫీ తాగి లేస్తుంది.

చెల్లెలి వంతు రోజున పుష్పావతి తానే వెళ్ళి వాల్వు తిప్పుతుంది. ఒక్కోసారి, వాళ్ళ ట్యాంకు తమదానికంటే పెద్దదని గుర్తొచ్చి, నిండకముందే కట్టెయ్యమని చెయ్యి లాగుతుంది. కట్టెయ్యదు. నిండి పొర్లేదాకా అక్కడే నిలబడుతుంది.