దుర్గాశ్రీ వేలిముద్ర

"దుర్గాశ్రీ, జడ వేస్తాను రావే" అని జగదాంబ పిలవగానే ఏడేళ్ళ పిల్ల దువ్వెన పట్టుకొచ్చి ఆమె ముందు కూర్చుంది. మొగల్తూరులో బడి వేళకి ఏ ఇంట్లోనైనా కనిపించే దృశ్యమే. కాకపోతే జగదాంబ కూతురు దుర్గాశ్రీ మూడేళ్ళప్పుడే జ్వరమొచ్చి పోయింది. ఈ పిల్ల పేరు సాయిసుధ. వంటింటి గుమ్మంలో నిలబడి చూస్తున్న లక్ష్మీదుర్గ కూతురు.

లక్ష్మీదుర్గ జగదాంబకి ఆడపడుచు. కువైట్‌లో ఇంటిపనికి వెళ్ళి, పాస్‌పోర్టు దాచుకున్న యజమాని కొడుతుంటే తాళలేక పారిపోయింది. ఆ రోజు నుంచి అక్కడి చట్టానికి ఆమె దొంగ. తనలాగే కాగితాల్లేని రాజోలు అతన్ని పెళ్ళాడింది. ఆస్పత్రికి వెళ్తే పట్టుకుంటారని గదిలోనే పురుడు పోసుకుంది. అతను పోయాక, అక్కడివాళ్ళు క్షమాభిక్ష ప్రకటించినప్పుడు, ఒక్క ప్రయాణానికే చెల్లే కాగితంతో పిల్లని తీసుకుని పుట్టింటికి చేరింది. ఆ పిల్ల పుట్టినట్టు ఆ దేశమూ రాసుకోలేదు, ఈ దేశమూ రాసుకోలేదు.

దుర్గాశ్రీకి మాత్రం అన్ని కాగితాలూ ఉన్నాయి. పోయిన సంగతి నమోదు చేయించడానికి జగదాంబకి మనసు రాలేదు. ఆ పేరు మీద కోటా బియ్యం ఇప్పటికీ వస్తున్నాయి; ఆ పిల్ల ఆరోగ్యం మీద ప్రభుత్వానికి ఏ బెంగా లేదు. ఈడు కూడా సరిపోయింది గనక జగదాంబ భర్త చంద్రరావు తేలిగ్గా తేల్చేశాడు: ఉన్న పిల్లకి కాగితాల్లేవు, ఉన్న కాగితాలకి పిల్ల లేదు.

అలా సాయిసుధని దుర్గాశ్రీ పేరుతో బడిలో చేర్చారు. ఇంట్లో కూడా అదే పేరు అలవాటు చెయ్యమన్నాడు. జగదాంబకి ఆ అలవాటు మరీ బాగా అబ్బింది. పట్టవని తెలిసీ పోయిన పిల్ల గౌన్లు తీసి ఈ పిల్ల భుజాలకి ఆనించి చూసేది. కొన్నాళ్ళకి తల్లి "సాయీ" అని పిలిస్తే పిల్ల పలకడం మానేసింది.

పసిపిల్లల ఆధార్‌కి వేలిముద్రలుండవు. ఇప్పుడు వెయ్యాలని బడివాళ్ళు చెప్పి పంపారు. వేస్తే ఇక ఆ వేళ్ళు ఎప్పటికీ దుర్గాశ్రీవే. నరసాపురం కేంద్రంలో ఆడవాళ్ళిద్దరూ పిల్లకి చెరో పక్కన నిలబడ్డారు.

"అమ్మ పేరేంటమ్మా?" అన్నాడు మెషీన్ దగ్గరి అతను.

"జగదాంబ." పిల్ల తడుముకోలేదు.

జగదాంబ పక్కకి చూసింది. బాగా చెప్పావన్నట్టు లక్ష్మీదుర్గ తల ఊపుతోంది, పొరుగింటి పిల్లని మెచ్చుకున్నట్టు.

మెషీన్ మీదికి వెళ్తున్న చిన్న చేతిని జగదాంబ వెనక్కి లాగింది.

"ఆగండి. మా దుర్గాశ్రీ పోయిందండి" అంది. ఆ మాట ఆమె పైకి అనడం అదే మొదలు.

కేసవుతుందని చంద్రరావు ఇంట్లో గోల పెట్టాడు. అయినా వదినా ఆడపడుచూ ప్లీడరు ఉదయ్‌భాస్కర్ గారి దగ్గరికి వెళ్ళారు. ముందు పోయిన పిల్ల మరణం రాయించి, చేసిన తప్పు ఒప్పుకోవాలనీ, ఆ తర్వాత ఈ పిల్ల పుట్టుక రాయించడానికి ఢిల్లీ దాకా అర్జీ పెట్టాలనీ, దారి ఉంది గానీ ఎంత పొడుగో తను చెప్పలేననీ అన్నాడాయన.

"అప్పటిదాకా ఇది ఎవరండీ?" అంది లక్ష్మీదుర్గ.

"చట్టానికి ఎవరూ కాదమ్మా. దారి కనపడకపోతే మనుషులు పోయినవాళ్ళ చాటునే బతుకుతారు. అది మీ ఒక్కరి తప్పు కాదు."

దుర్గాశ్రీ మరణం నమోదైంది. సాయిసుధ పుట్టుక ఇంకా కాలేదు. ఇప్పుడు ఏ పేరుతో పిలిచినా ఆ పిల్ల వెంటనే పలకదు. పిలిచినవాళ్ళ మొహం చూస్తుంది. కాగితం లేదన్న నేరానికి ఏ బిడ్డనీ ఇంకొకరి పేరుతో బతకమనకూడదు. తన పేరుతో, తన తల్లి పక్కన నిలబడే దారి చూపించవలసింది దేశమే.